ఈస్ట్, వెస్ట్ గోదావరిలో లోకల్ సినిమా పబ్లిసిటీ ప్యాకేజీ: ఏది పనిచేస్తుంది, ఏది దండగ

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినా సినిమా వ్యాపారంలో కోనసీమ, కాకినాడ, ఏలూరు అనే లెక్క రాలేదు. ఇప్పటికీ ఈస్ట్, వెస్ట్ అనే రెండు ఏరియాలే. రాజమండ్రి, భీమవరం, అమలాపురం వైపు పబ్లిసిటీ కాంట్రాక్టర్లు బయ్యర్లకు, అంటే ఏరియా హక్కులు కొన్నవాళ్లకు, అమ్మే ప్యాకేజీ కూడా కాస్త అటూ ఇటూగా ఒకటే: వాల్ పోస్టర్లు, ఫ్లెక్సీలు, ఆటో మైకు, లోకల్ కేబుల్లో స్క్రోలింగ్, ఈమధ్య ఇన్‌స్టా పేజీల్లో పోస్టులు. చిన్న సినిమా కొన్నవాళ్లు భయంకొద్దీ మొత్తం తీసుకుంటారు. అక్కర్లేదు. పోస్టరు, మైకు చాలు. అవి కూడా రిలీజ్ తేదీని బట్టే.

పోస్టరు బలం డెల్టాలో ఇంకా తగ్గలేదు. పల్లె నుంచి పని మీద టౌనుకి వచ్చిన మనిషికి ఏ హాల్లో ఏ బొమ్మ ఆడుతోందో చెప్పేది అదే. అందుకే పోస్టరు కంటే దాని కింద అంటించే థియేటర్ స్లిప్ ముఖ్యం. ఊరు, థియేటరు పేరు, ఆటల టైములు లేని సిక్స్ షీట్ పోస్టరు ఎంత పెద్దదైనా హీరో బొమ్మ మాత్రమే. కాంట్రాక్టరు పనితనం లై, అంటే పోస్టరు అంటించే జిగురు, దగ్గర తెలిసిపోతుంది. మైదాని ఉండ కట్టకుండా కాచి, బూజు పట్టకుండా మైలుతుత్తం కలిపి, చల్లారాక వాడాలి. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మంచు కురిసి గోడలు చెమ్మగిల్లుతాయి. ఆ వేళ అంటించిన కాగితం పొద్దెక్కేసరికి మూలలు లేచి వేలాడుతుంది. సెకండ్ షో వదిలాక మొదలుపెట్టి, మంచు దిగకముందే ముగించేవాళ్లకే పని ఇవ్వండి.

సంక్రాంతి సినిమాకి ఇంకో చిక్కుంది. పండగ ముందు ఇళ్లకు వెల్లలు, రంగులు వేస్తారు. డిసెంబరు నెలాఖర్లో అంటించినవన్నీ సున్నం కిందకి పోతాయి. కొత్తగా రంగు వేసిన గోడ జోలికెళితే ఇంటివాళ్లు ఊరుకోరు, ప్రభుత్వ గోడలైతే 1997 నాటి చట్టం అడ్డొస్తుంది. ఏ గోడలు ముందే మాట్లాడి పెట్టారో కాంట్రాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఫ్లెక్సీలు థియేటర్ దగ్గర అభిమానులే కట్టుకుంటారు, బయ్యర్ ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఆటో మైకు సంత రోజున, పల్లెల్లో సాయంత్రం పూట బాగా అందుతుంది. పోలీసు అనుమతి తప్పనిసరి. భోగి నుంచి కనుమ దాకా మాత్రం డబ్బు వృథా. పందెం బరుల దగ్గర మైకుల హోరులో మీ ఆటో గొంతు ఎవరికీ వినపడదు.

ఇక తేదీ. 2025 సంక్రాంతిని చూడండి. జనవరి 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం. సింగిల్ స్క్రీన్‌లో ప్రభుత్వం టికెట్ మీద పెంచుకోనిచ్చింది వరసగా 135, 110, 100 రూపాయలు. ఆఖరున వచ్చి, అందరికంటే తక్కువ పెంచిన సినిమాయే పండగ గెలిచింది. కథ రాజమండ్రిలో జరుగుతుంది, గోదారి గట్టు పాట డిసెంబరు మొదట్లోనే వచ్చింది. హైదరాబాద్ నుంచి కుటుంబాలు ఊళ్లకు చేరేసరికి పాట అందరి నోళ్లలో ఉంది, రేటు అందుబాటులో ఉంది. ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు ఒక్కో టికెట్‌లో 35 రూపాయల తేడా చిన్నది కాదు. మొదటిరోజు ఓపెనింగ్‌ని పబ్లిసిటీ తెస్తుంది, కనుమ తర్వాతి ఆటల్ని టాక్, రేటు నిలబెడతాయి. 2024లో హనుమాన్ పెద్ద సినిమాతో ఒకే రోజున, జనవరి 12న దిగింది. చేతిలో హాళ్లు తక్కువైనా 11 రాత్రి పెయిడ్ ప్రీమియర్లతో టాక్ ముందే బయటికి తెచ్చి, తర్వాత హాళ్లు పెంచుకుంది. సినిమా మీద నమ్మకం ఉంటే పోస్టర్ల ఖర్చు తగ్గించి ప్రీమియర్ మీద పెట్టడం మేలు.

పండగ పోటీలో అసలు దెబ్బ థియేటర్ ఒప్పందాలు ఆలస్యం కావడం. హాలు ఖరారు కాకపోతే స్లిప్ ప్రింటుకి వెళ్లదు. అంతకంటే ప్రమాదం కీ. డిజిటల్ ప్రింటు తెరిచే కేడీఎం ఆ హాలు సర్వర్‌కి, ఆ తేదీలకి మాత్రమే పనిచేస్తుంది. చివరి రాత్రి హాలు మారిస్తే కొత్త కీ తెప్పించాలి. అది అందకపోతే మార్నింగ్ షో పోతుంది. అందుకే ఒప్పందం అయిన గంటలోనే కీ అడగండి.

చిన్న సినిమాకి పండగ వద్దు. ఫిబ్రవరి, మార్చి పరీక్షలు, ఆపైన ఐపీఎల్. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం, సార్వా కోతలు. ఊరు ఊరంతా ధాన్యం ఆరబెట్టుకునే హడావిడిలో ఉంటుంది. ధాన్యం డబ్బు చేతికొచ్చాక, క్రిస్మస్ సినిమాలు దిగకముందు డిసెంబరు మొదటి పక్షం నయం. టికెట్ 100 దాటనివ్వకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 లోపు టికెట్‌కి జీఎస్టీ 5 శాతమే, దాటితే 18.

కాంట్రాక్టరుకి మొత్తం ముందే ఇవ్వకండి. సగం అడ్వాన్సు, మిగతాది రిలీజ్ ముందురోజు. ప్రతి పోస్టరుకీ స్లిప్ కనపడేలా, తేదీ, చోటు ముద్రపడే జీపీఎస్ ఫొటో అడగండి. పోస్టర్లు అంటించకుండానే కట్టలకు కట్టలు పాత కాగితాల కింద అమ్ముడుపోవడం ఈ పనిలో మామూలే, ఫొటో అడిగితే ఆగుతుంది.