బ్రోషరులో ఎనిమిది కోటలు, ప్రవేశం నాలుగింటికి

మా విశ్రాంత ఇంజనీర్ల బృందం సతీసమేతంగా, ఇరవై మందికి పైగా, మొన్న జూన్‌లో హైదరాబాద్‌లోని ఒక పర్యాటక సంస్థ ద్వారా జర్మనీ కోటలు చూసి వచ్చింది. విమానం, వీసా, హోటళ్లు, బస్సు, ప్రవేశ రుసుములు, రెండు పూటలా భోజనం కలిపి తలకు మూడు లక్షలు దాటింది. జీఎస్టీ, టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) వేరు. టీసీఎస్ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కాబట్టి అది నికరంగా ఖర్చు కాదు. అయినా ముందు మన జేబులోంచి పోతుంది కనుక చేతిలో ఉంచుకోవాలి. మార్కులు వేయమంటే అయిదుకు మూడు వేస్తాను. ఇంకొక మార్కు ఇచ్చేవాడినే. అది ఎందుకు పోయిందో రాయడానికే ఈ సమీక్ష.

ముందు ప్రణాళిక సంగతి. బ్రోషరులో ‘ఎనిమిది కోటలు’ అని పెద్ద అక్షరాలతో వేశారు. నలభై ఏళ్లు అంచనా పట్టికలు చదివిన కళ్లు మావి, ఊరుకుంటాయా? ఒక్కో కోట పక్కన ‘లోపలికి ప్రవేశం ఉందా, బయటి నుంచి చూడటమేనా’ అని రాయించుకున్నాం. కౌంటరులో ఉన్న అమ్మాయి దాచకుండా చెప్పింది. రైన్ నదిలో పడవ మీద వెళుతూ చూసేవి మూడు, టికెట్టుతో లోపలికి వెళ్లేవి అయిదు. పడవ మీదివి తక్కువేం కావు. అయితే చూడటం వేరు, లోపల తిరగడం వేరు. ఈ వివరం అడిగితే తప్ప చెప్పకపోవడం ఈ ఒక్క సంస్థకే పరిమితం కాదు. మేం పోల్చి చూసిన మిగతా బ్రోషర్లూ ఇదే బాణీలో ఉన్నాయి.

రెండో ప్రశ్న మోకాళ్లది. బస్సు ఆగే చోటి నుంచి కోట గుమ్మం దాకా ఎంత దూరం, ఎంత ఎక్కుడు, లోపల ఎన్ని మెట్లు? దీనికి మాత్రం వాళ్ల దగ్గర కాగితం మీద జవాబు లేదు. ‘కొంచెం నడక ఉంటుంది సార్’ అన్నారు. ఆ కొంచెం ఎంతో మాకు మార్క్స్‌బుర్గ్ కోటలో తెలిసింది.

వీసా పనికి వంక పెట్టడానికి లేదు. షెన్‌గెన్ వీసా (పలు యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలన్న నియమం, అన్నీ ముందే విడమరిచి చెప్పారు. పెన్షన్ పత్రాలు ఏ వరుసలో పెట్టాలో కూడా చూపించారు. అందరికీ వీసాలు వచ్చాయి.

ఇక యాత్ర. రైన్ లోయలో బింగెన్ నుంచి కోబ్లెంజ్ వరకు ఉన్న భాగాన్ని యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దారి పొడవునా దాదాపు నలభై కోటలు. పడవ కౌబ్ దగ్గరకు వచ్చేసరికి నది నడిమధ్య రాతి తిన్నె మీద ఓడలా నిలబడిన ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్ కనిపించింది. పద్నాలుగో శతాబ్దంలో నదిలో పోయే సరుకు పడవల నుంచి సుంకం వసూలు చేయడానికి కట్టిన కోట అది. మా టూర్ మేనేజర్, వరంగల్ కుర్రాడు, దాని గురించి తెలుగులో చక్కగా చెప్పాడు. మా వాళ్లలో రోడ్లు భవనాల శాఖలో పనిచేసిన పెద్దాయన ఒకరు వెంటనే ‘అంటే టోల్ గేటే కదా బాబూ, ఫాస్టాగ్ లేదంతే’ అన్నారు. పడవంతా నవ్వు.

మార్క్స్‌బుర్గ్ బ్రౌబాఖ్ అనే చిన్న ఊరి మీది కొండపై ఉంది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యాలు 1689లో ఈ ప్రాంతంలో కోటలను వరసబెట్టి పేల్చేశాయి. రైన్ గట్టు కొండకోటల్లో ఏనాడూ ధ్వంసం కాకుండా నిలిచింది ఇదొక్కటే. 1900 నుంచి జర్మన్ కోటల సంఘం చేతిలో ఉంది. చుట్టుపక్కల మెరుగ్గా కనిపించే కోటలు చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలో శిథిలాల మీద మళ్లీ కట్టినవి. మార్క్స్‌బుర్గ్‌లో మాత్రం ఒకదాని వెనక ఒకటిగా ద్వారాలు దాటి, కొండరాతినే చెక్కిన ఎగుడుదిగుడు మెట్ల మీద ఎక్కాలి. గుర్రాలు ఎక్కేందుకు చేసిన మెట్లట అవి. శత్రువు పరుగెత్తుకు రాకూడదన్న ఉద్దేశం మోకాళ్లకు బాగా అర్థమైంది. ఇద్దరు ఆడవాళ్లు మధ్యలోనే కూర్చుండిపోయారు. పట్టుకోవడానికి ఊతకర్ర తెచ్చుకోమని ఒక్క ముక్క ముందే చెబితే సరిపోయేది.

పైన మాత్రం శ్రమకు తగ్గ ఫలితం ఉంది. నది వైపు గురిపెట్టిన ఫిరంగుల వరస, మనిషి నిలబడగలిగే పొయ్యి ఉన్న వంటశాల, భోజనశాల గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన మరుగుదొడ్డి. ఆ చివరిదాని దగ్గర మా బృందం ఆగిపోయి దాని దూలాల గురించి చర్చ మొదలుపెట్టింది. కోట గైడు ఓపికగా నిలబడింది. ఇక్కడ ప్రణాళిక వేసుకునే వాళ్లకు ఒక మాట: మార్క్స్‌బుర్గ్, ఎల్జ్, నాయ్‌ష్వాన్‌స్టైన్ మూడింటిలోనూ లోపలి గదులు కోట వాళ్ల సొంత గైడుతో గాని, వాళ్లు నడిపే పర్యటనలో గాని తప్ప చూడనివ్వరు. మనతో వచ్చిన గైడు ఎంత పండితుడైనా అక్కడ శ్రోతే. కాబట్టి బృందానికి ఇంగ్లిషు పర్యటన ముందే బుక్ చేశారో లేదో కనుక్కోవాలి. మాకు చేశారు. అంతకుముందే బస్సులో టూర్ మేనేజర్ తెలుగులో సారాంశం చెప్పేవాడు కనుక లోపల ఎవరూ తెల్లముఖం వేయలేదు. ఈ సంస్థ చేసిన అతి మంచి పని ఇదే.

బుర్గ్ ఎల్జ్ నా దృష్టిలో యాత్ర మొత్తానికీ శిఖరం. మొసెల్ నదికి కాస్త లోపలగా, అడవి మధ్య, మూడు వైపులా వాగు చుట్టిన బండ మీద ఉంది. పన్నెండో శతాబ్దం నుంచి ఒకే వంశం చేతిలో ఉంది. ఆ వంశం మూడు శాఖలైనా కోటను వదులుకోలేదు. ఉమ్మడి వాకిలి చుట్టూ వాటాలు వేసుకున్న అన్నదమ్ముల ఇల్లులా, ఒక చిన్న ముంగిలి చుట్టూ ఎవరి మేడలు వారు ఆకాశానికి లేపుకుంటూ పోయారు. స్థలం లేక పైకి పెరిగిన కట్టడం అది. సభామందిరంలో గోడ మీద విదూషకుల ముఖాలు, తలుపు మీద గులాబీ చెక్కి ఉన్నాయి. ముఖాల అర్థం ఇక్కడ ఎవరైనా మనసులో మాట చెప్పవచ్చునని. గులాబీ అర్థం ఆ మాట గుమ్మం దాటకూడదని. మా సంఘం సమావేశ మందిరంలో కూడా ఒక గులాబీ చెక్కించాలని అక్కడికక్కడే తీర్మానం జరిగింది.

ట్రియర్ ఆర్చిబిషప్ బాల్డ్విన్ 1331లో ఈ కోట మీదికి వచ్చి, ఎదుటి గుట్ట మీద పోటీగా ముట్టడి కోట కట్టి రాళ్లు విసిరించాడు. ఆ ట్రుట్స్‌ఎల్జ్ శిథిలాలు ఇప్పటికీ కనిపిస్తాయి. యూరోకు ముందున్న పాత 500 జర్మన్ మార్కుల నోటు వెనక ఉన్న బొమ్మ ఈ ఎల్జ్ కోటదే. కార్లు నిలిపే చోటి నుంచి దిగువకు పావుగంట నడక, వచ్చేటప్పుడు అదంతా ఎక్కుడు. నడవలేని వారికి చిన్న బస్సు ఉంది. చలికాలంలో కోట మూసేస్తారు కనుక డిసెంబరు ప్యాకేజీలో ఎల్జ్ పేరు కనిపిస్తే గట్టిగా అడగండి.

హైడెల్‌బర్గ్‌లో తాడు రైలు పైకి చేర్చింది. సగం కూలిన ఎర్రరాతి కోట, 1751 నాటి రెండు లక్షల లీటర్లు దాటే ద్రాక్షసారా పీపా, ఫోటోలు. బాగుంది, అంతే. అసలు కథ ఆ సాయంత్రం మొదలైంది.

బ్రోషరులో ‘ప్రతి రాత్రి భారతీయ భోజనం’ అని ఉంది. మా మజిలీ ఉల్మ్ శివార్లలోని హోటల్లో. భోజనం మాత్రం స్టుట్‌గార్ట్ నగరం లోపల. హైడెల్‌బర్గ్ బజారులో ఆలస్యంగా కదిలాం. స్టుట్‌గార్ట్ రద్దీలో ఇరుక్కుని, పన్నీరు కూర, చల్లారిన నాన్ తిని ఉల్మ్ చేరేసరికి రాత్రి పదిన్నర. డ్రైవరు, క్రొయేషియా మనిషి, తన టాకోగ్రాఫ్ (బండి నడిపిన గంటలు నమోదు చేసే యంత్రం) చూపించి ‘రేపు తొమ్మిదిన్నరకు ముందు బండి కదలదు’ అన్నాడు. తప్పు అతనిది కాదు. యూరప్ చట్టం ప్రకారం బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి, రోజుకు సాధారణంగా 9 గంటలకు మించి నడపకూడదు, ఒక రోజు పనికీ మరో రోజు పనికీ మధ్య 11 గంటల విశ్రాంతి ఉండాలి. ఆ విశ్రాంతిని 9 గంటలకు తగ్గించే వెసులుబాటు రెండు వారపు విశ్రాంతుల మధ్య మూడుసార్లే. మా బండికి ఆ మూడూ అప్పటికే అయిపోయాయి. ఈ లెక్క ఏటా బృందాలను తిప్పే సంస్థకు తెలియనిది కాదు. కాగితం మీద గంటలు కూడి చూసినా దొరికేది.

ఫలితం: హోహెన్‌ష్వాంగౌ కోటకు ఉదయం పదిన్నర టికెట్లు గల్లంతు. అక్కడ టికెట్టు మీద సమయం అచ్చువేసి ఉంటుంది, అది దాటితే ఆ కాగితానికి విలువ లేదు. బవేరియా రాజు రెండో లుడ్విగ్ బాల్యం గడిపిన ఆ పసుపు కోటను కింద నుంచి చూసి ఊరుకున్నాం. మధ్యాహ్నం నాయ్‌ష్వాన్‌స్టైన్ సమయం మాత్రం అందింది.

నాయ్‌ష్వాన్‌స్టైన్ గురించి నా బృందంలో సగం మందితో నాకు పేచీ. వాళ్లకు అది స్వర్గం. నాకది అదే లుడ్విగ్ 1869లో మొదలుపెట్టించిన గొప్ప నాటకాల సెట్టు. తొలి చిత్రాలు గీసిన క్రిస్టియన్ యాంక్ నిజంగానే రంగస్థల తెరలు చిత్రించే కళాకారుడు. లోపల ఇటుక, పైన సున్నపురాయి పలకలు, గదులకు వేడిగాలి, పై అంతస్తుల దాకా కుళాయి నీళ్లు. యుద్ధంతో దానికి పనే లేదు. సింహాసన మందిరంలో సింహాసనమే లేదు. అది చేయించకముందే, 1886 జూన్‌లో రాజు స్టార్న్‌బెర్గ్ సరస్సులో శవమై తేలాడు. ఆయన ఆ కోటలో మొత్తం మీద గడిపింది 172 రోజులు. పోయిన ఏడు వారాలకే, ఆగస్టు ఒకటిన, జనానికి టికెట్టు పెట్టి తెరిచారు. 2025లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. లోపల ఉండనిచ్చేది అరగంట పైచిలుకు, ఫోటోలు నిషేధం, ముందు బృందం మడమలు తొక్కుకుంటూ సాగాలి. ఆ ఇంజనీరింగుకు దండం పెట్టాను. చూసిన తీరు మాత్రం తృప్తినివ్వలేదు. మారియెన్‌బ్రూకె వంతెన మీద నుంచి కనిపించే దృశ్యం మాత్రం ఫోటోల కన్నా మిన్న. పైకి చిన్న బస్సులో వెళ్లి వంతెన చూసుకుని దిగువకు నడవడం మోకాళ్లకు మేలు. గుర్రబ్బండి ఎక్కినా చివర్లో నిటారు ఎక్కుడు మిగిలే ఉంటుంది.

హోటళ్లు శుభ్రంగా, ఊళ్లకు దూరంగా ఉన్నాయి. ఉదయం ఫలహారం పుష్కలం. భోజనం విషయంలో మా వాళ్లలో ఏకాభిప్రాయం లేదు. నా భార్య పచ్చడి సీసా, ఎలక్ట్రిక్ కుక్కరు తెచ్చింది కనుక మేం తటస్థం. టూర్ మేనేజర్‌కు మాత్రం నూటికి నూరు. ఎల్జ్ దగ్గర ఒక పెద్దావిడకు కళ్లు తిరిగితే, మిగతావాళ్లను కోట గైడుకు అప్పగించి తాను ఆవిడ పక్కనే నీడలో కూర్చున్నాడు.

హోహెన్‌ష్వాంగౌ టికెట్టు డబ్బు తిరిగి ఇమ్మంటే, వచ్చే యాత్రలో తగ్గింపు కూపన్ ఇస్తామన్నారు. కూపన్ వద్దు, ఆనాటి యూరో ధరకు రూపాయలు ఇవ్వండని సంఘం తరఫున లేఖ పంపాం. జవాబు రావాలి. ఈలోగా ఫ్రాన్స్‌లోని లువార్ లోయ కోటలకు అదే సంస్థతో వెళదామని మా వాళ్లలో కొందరు పేర్లు కూడా ఇచ్చేశారు. బస్సు ఏ రోజు ఎన్నింటికి కదిలి ఎన్నింటికి ఆగుతుందో, రాత్రి భోజనం ఎక్కడో, ఎక్కాల్సిన మెట్లెన్నో రాసిన కాగితం చేతికి వచ్చాకే నా పేరు రాసుకోమన్నాను.