పాత టైర్లతో చేసిన రబ్బరు టైల్స్: రెండు వేసవులు వాడాక

మా అపార్ట్‌మెంట్ వెనక జారుడుబల్ల కింద ఉత్త సిమెంటు గచ్చు ఉండేది. మా చిన్నోడు అక్కడే పడి గడ్డం చిట్లి మూడు కుట్లు పడ్డాక నేను అసోసియేషన్ మీటింగ్‌లో పట్టుబట్టి రబ్బరు టైల్స్ వేయించా. విజయవాడ ఎండలో రెండు వేసవులు గడిచాయి, ఇప్పుడు నమ్మకంగా రాయగలను.

వీటిని అరిగిపోయిన లారీ టైర్లతో చేస్తారు. టైరును ముక్కలు కొట్టి, లోపలి ఉక్కు తీగలను అయస్కాంతంతో లాగేసి, రబ్బరును ఆవగింజలంత నలుసులు చేసి, పాలీయురెథేన్ బంక కలిపి అచ్చులో నొక్కుతారు. ఆటోనగర్ పక్క సందుల్లో టైర్ల గుట్టలు చూసినవాళ్ళకి తెలుసు, వాన నీళ్ళు నిలిస్తే వాటిలోనే డెంగీ దోమలు పెరుగుతాయి, తగలబెడితే ఆ నల్లటి పొగకి ఊపిరాడదు. అలాంటివి పిల్లల కాళ్ళ కింద మెత్తగా ఉన్నాయంటే నాకు నిజంగా సంతోషం.

మేం వేసినవి అరమీటరు చదరం, 40 మిల్లీమీటర్ల మందం. 20 చాలని షాపులో చెప్తారు, వినకండి. నడిచే దారికైతే చాలు గానీ పిల్లలు పైనుంచి పడే చోట ఎత్తును బట్టి మందం పెరగాలి. మా వాడు ఆ తర్వాత ఎన్నిసార్లు పడ్డాడో, లేచి దులుపుకుని మళ్ళీ ఎక్కుతున్నాడు. వాన నీళ్ళు టైల్ లోంచే కిందికి దిగిపోతాయి, కాబట్టి కింద గచ్చుకి వాలు ఉండాలి, మేస్త్రీకి ముందే చెప్పండి.

వేడి మాత్రం పెద్ద ఇబ్బందే. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి నల్ల టైల్ మీద వట్టి కాలు పెట్టలేం. పైన గ్రీన్ నెట్ కట్టించాకే పిల్లల్ని వదిలాం. మొదటి నెల వాసన కూడా వచ్చింది, తర్వాత తగ్గింది.

ఇంకోటి. ఊయల కిందకి మరో పది టైల్స్ కావాల్సొచ్చి, చవకని వేరే షాపులో తెచ్చాం. నాలుగు నెలలకే మూలలు రాలిపోయి, పిల్లల అరికాళ్ళు నల్లగా అయ్యేవి, ఒకరోజు చూస్తే మా వాడి గుప్పెట్లో ఆ నలుసులే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు, అవన్నీ పీకించేశాం. కొనేముందు మూలని గోటితో గీకండి, తెల్ల రుమాలుతో గట్టిగా రుద్దండి. నలుసు రాలినా, రుమాలు నల్లబడినా వద్దు.

ఇది ఉత్త చాదస్తం కాదు. ఆటస్థలాల్లో వదులుగా పోసే టైరు నలుసుల్లో పీఏహెచ్ అనే రసాయనాలు కొన్ని క్యాన్సర్ తెస్తాయని, యూరోపియన్ యూనియన్ 2022 ఆగస్టు నుంచి వాటిని కిలోకి 20 మిల్లీగ్రాములకు కట్టడి చేసింది. మన టైల్స్ బంకతో అతుక్కుని ఉంటాయి నిజమే, కానీ రాలడం మొదలైతే అవీ వదులు నలుసులేగా. పాకే పిల్లలుంటే ల్యాబ్ రిపోర్టు చూపించమని అడగండి, చూపించకపోతే ఇంకో షాపుకి వెళ్ళండి.