మాయలో కరోనా: పీసీఆరా, స్లైడా? ఏది మేలు?

తల్లికి కోవిడ్ వస్తే కడుపులో బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ అందించే మాయకూ (ప్లాసెంటా) సోకి తీరుతుందని లేదు. ముక్కు స్వాబ్ పాజిటివ్ ఉన్నా చాలామంది మాయల్లో వైరస్ దొరకదు. కాబట్టి ప్రతి కాన్పుకూ మాయను పీసీఆర్‌తోనో, ముక్క కోసి స్లైడు మీద మైక్రోస్కోప్ కింద చూసో పరీక్షించనక్కర్లేదు. బిడ్డ కడుపులోనే పోయినప్పుడు, కదలికలు ఉన్నట్టుండి తగ్గి హడావిడిగా సిజేరియన్ చేయాల్సి వచ్చినప్పుడు, పుట్టిన వెంటనే బిడ్డకు పాజిటివ్ వచ్చినప్పుడు మాత్రం తప్పక చేయించాలి. ఈ పరీక్షలన్నీ కాన్పు తర్వాత చేసేవే. గర్భంతో ఉండగా స్కాన్ చూసి మాయకు కరోనా సోకిందని తేల్చలేరు.

అందరికీ తెలిసిన పరీక్ష ఆర్టీపీసీఆర్. పిసరంత వైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యు పదార్థం) ఉన్నా పట్టేస్తుంది, చిక్కు కూడా అక్కడే. మాయ నిండా తల్లి రక్తమే ఉంటుంది, పైగా బయటికి వచ్చేటప్పుడు యోని స్రావాలు, ఒక్కోసారి మలం అంటుతాయి. పైపైన స్వాబ్ తిప్పితే వచ్చే పాజిటివ్ మాయదో, దానికి అంటినదో చెప్పలేం. సరైన పద్ధతి వేరు: స్టెరైల్ సెలైన్‌తో కడిగి, శిశువు వైపు పొర తొలగించి, చోటు మారినప్పుడల్లా కొత్త బ్లేడుతో, మందం మధ్య నుంచి కనీసం నాలుగు చోట్ల ముక్కలు తీయాలి. ముక్క మందం అర సెంటీమీటరు దాటితే ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రావణం లోపలికి ఇంకదు. ఆ ద్రావణంలో ముక్క ఫ్రిజ్‌లో నెల రోజులు, 25 డిగ్రీల దగ్గర వారం ఆగుతుంది. 37 డిగ్రీలైతే ఒక్క రోజే. మే నెలలో హైదరాబాద్‌లో ఐస్‌ప్యాక్ లేకుండా బైక్ మీద పంపితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ముక్క పాడవలేదని చూపే కంట్రోల్‌గా వెతికే మనిషి జన్యువు కూడా పరీక్షలో కనబడకపోతే ఆ నెగెటివ్‌ను నమ్మకూడదు. ఇంకొకటి, చాలా కిట్లు స్వాబ్ కోసం ధ్రువీకరించినవి. కణజాలం మీద వాడే ల్యాబ్ ముందు తానే పరీక్షించి చూసుకోవాలి.

నా ఓటు స్లైడుకే. కరోనా మాయను పాడుచేసే తీరు స్లైడుకు వేసే మామూలు హెచ్ అండ్ ఈ రంగులోనే చాలావరకు బయటపడుతుంది: విల్లస్‌ల (మాయలోని వేలలాంటి కొమ్మలు) మధ్య హిస్టియోసైట్లు అనే రక్షణ కణాలు గుమిగూడటం, చుట్టూ ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) పేరుకోవడం, విల్లస్‌ను కప్పి ఉండే ట్రోఫోబ్లాస్ట్ కణాలు చనిపోవడం. కోసి చూస్తేనే అలాంటి మాయ గట్టిగా, పాలిపోయి, తెల్లటి వలలా ఉంటుంది. బిడ్డలు చనిపోయిన 68 కేసుల మాయలను 12 దేశాల నుంచి సేకరించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో సగటున 77 శాతానికి పైగా కణజాలం దెబ్బతిని ఉంది. అయితే ఈ మూడింట్లో కొన్ని వేరే కారణాలతోనూ వస్తాయి కాబట్టి హెచ్ అండ్ ఈ అనుమానం దగ్గరే ఆగుతుంది.

ఆ అనుమానాన్ని తేల్చేది ఇమ్యునో, అంటే వైరస్ ప్రొటీన్‌ను యాంటీబాడీతో పట్టి స్లైడు మీద రంగులో చూపే పరీక్ష. వైరస్ ప్రొటీన్లయిన స్పైక్‌ను లేదా న్యూక్లియోక్యాప్సిడ్‌ను పట్టే యాంటీబాడీ వేస్తే, వైరస్ సోకిన మాయలో విల్లస్ చుట్టూ ఉండే సిన్సిషియోట్రోఫోబ్లాస్ట్ పొర గోధుమరంగు గీతలా వెలుగుతుంది. వైరస్ ఏ కణంలో ఉందో కళ్లారా కనిపిస్తుంది, పీసీఆర్ ఎప్పటికీ చెప్పలేనిది ఇదే. హైదరాబాద్‌లోని నిమ్స్, ఎంఎన్‌జే లాంటి ఆస్పత్రుల్లో క్యాన్సర్ కోసం ఇమ్యునో రోజూ చేసే పనే. కొత్తగా కావాల్సింది ఈ యాంటీబాడీ, పోల్చి చూసే నమూనాలు (కంట్రోళ్లు). ఇమ్యునోలో రంగు తెప్పించేది ఎంజైమే. మాయలో ఎర్రరక్తకణాల వల్ల అలాంటి పెరాక్సిడేజ్ చర్య ఎక్కువ, దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ముందే అణచకపోతే ప్రతిదీ పాజిటివ్‌లా కనబడుతుంది. మాయలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్ కూడా సహజంగానే ఉంటుంది కాబట్టి ఆ ఎంజైమ్ కిట్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. 2019కి ముందు దాచిన మాయ బ్లాకు (మైనంలో భద్రపరిచిన ముక్క) పక్కన పెట్టి రంగు వేయడం మంచి నెగెటివ్ కంట్రోల్.

ఇన్ సిటు హైబ్రిడైజేషన్ అనే ఇంకో స్లైడు పరీక్ష వైరస్ ఆర్‌ఎన్‌ఏనే కణంలో చూపిస్తుంది, వైరస్ పెరిగేటప్పుడే తయారయ్యే నెగెటివ్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏను వెతికే ప్రోబ్ వేస్తే అక్కడ వైరస్ పెరుగుతోందో లేదో కూడా. ఖరీదెక్కువ, కిట్లు దొరకడం కష్టం. ఇమ్యునో సందేహంగా మిగిలితేనే దీని జోలికి వెళ్లాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ గురించి ఒక్క మాటే: కణంలోని మామూలు కోటెడ్ వెసికిల్స్‌ను (పొర కప్పిన బుల్లి సంచులు) కిరీటం ఉన్న వైరస్‌గా పొరబడ్డ సందర్భాలున్నాయి, దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

2021లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్ఐహెచ్) నిపుణుల బృందం ఇచ్చిన వర్గీకరణ కూడా ఇటే మొగ్గుతుంది. నూరిన కణజాలంలో పీసీఆర్ పాజిటివ్ అయితే ‘సాధ్యం’ మాత్రమే, కణజాలంలోనే ప్రొటీన్ గానీ ఆర్‌ఎన్‌ఏ గానీ కనిపిస్తే ‘బహుశా’, వైరస్ అక్కడ పెరుగుతున్నట్టు తేలితేనే ‘ఖచ్చితం’.

ఏ పరీక్షైనా గెలిచేదీ ఓడేదీ లేబర్ రూమ్‌లోనే. మాయ నిమిషాల్లో ఆస్పత్రి వ్యర్థాల పసుపు సంచిలోకి పోతుంది, అందుకే ముందుగానే సిస్టర్‌కు చెప్పి ఫారం రాయించాలి. మాయను డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి, మంచు స్ఫటికాలు కణాలను చీలుస్తాయి. మొత్తంగా ఫార్మలిన్ (కణజాలాన్ని భద్రపరిచే ద్రావణం) సీసాలో కుక్కినా అంతే, అరకిలో మాయకు దాదాపు అయిదు లీటర్లు కావాలి, లేకపోతే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. పీసీఆర్ ముక్కలు ముందు తీసేసి, మిగతాది నాలుగు డిగ్రీల దగ్గర ఉంచి పాథాలజీకి పంపడం మంచిది. అక్కడ ముక్కలు కోసి 24 నుంచి 48 గంటలు ఫార్మలిన్‌లో ఉంచితే చాలు. మధ్య భాగం నుంచి పూర్తి మందంతో కనీసం మూడు బ్లాకులు, పొరలకూ బొడ్డుతాడుకూ ఇంకొకటి తీయించండి. రిపోర్టులో ‘ప్లాసెంటా పాజిటివ్’ అని ముక్తసరిగా రాసి ఉంటే ఏ పద్ధతి, ఎక్కడి ముక్క, ఏ కణంలో అని అడిగి రాయించుకోండి.