కాంటెస్సాకు పొట్టి స్ప్రింగులు, గట్టి షాకులు: ఆటోనగర్‌లో చేయించిన పని ఎలా ఉంది?

మా నాన్నగారి కాంటెస్సా క్లాసిక్ కారు 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంటి ముందు బుడమేరు వరదనీటిలో రోజుల తరబడి నానింది. ఇంజను, సీట్లు కొన్ని నెలల్లోనే ఒక దారికి వచ్చాయి గానీ, చక్రాల చాటున ఉన్న స్ప్రింగులను, వాటి ఊగుడును అణిచే షాకులను (షాక్ అబ్జార్బర్లను) ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి ముందు ఎడమ స్ప్రింగు అడుగు చుట్టు తుప్పు తిని విరిగింది, నాలుగు షాకులూ నూనె కార్చడం మొదలుపెట్టాయి. ఎలాగూ అన్నీ మార్చక తప్పదు కనుక, బండి ఎత్తును 30 మి.మీ. తగ్గించే స్ప్రింగులను, వాటికి తగిన స్పోర్ట్ షాకులను వేయించాను. ఆ తరువాత సుమారు 4,000 కి.మీ. తిరిగి ఈ సమీక్ష రాస్తున్నాను.

హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1984 నుంచి 2002 వరకు తయారుచేసిన ఈ బండికి మూలం బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ విక్టర్. అంబాసిడర్‌కు వెనుక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు) ఉంటే, దీనికి ముందూ వెనుకా చుట్ల స్ప్రింగులే ఉంటాయి. ఎత్తు తగ్గించాలనుకునేవారికి ఇది పెద్ద సౌకర్యం. అయితే ఈ బండికి సరిపడే పొట్టి స్ప్రింగులు తయారుగా నాకు ఎక్కడా దొరకలేదు. ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టలు సరిచేసే వరుసకు వెనుక సందులో, చుట్ల స్ప్రింగులు చుట్టే ఒక చిన్న షెడ్డులో ప్రత్యేకంగా చుట్టించవలసి వచ్చింది.

అంతకుముందు అడిగిన రెండు చోట్లా, ఉన్న స్ప్రింగునే గ్యాస్ కటింగుతో ఒక చుట్టు కోసేస్తే వెయ్యి రూపాయలతో పని అయిపోతుందని చెప్పారు. అలా చేయించదలచినవారు దయచేసి ఆగాలి. మంట తగిలిన చోట ఉక్కు పదును, అంటే వేడిచేసి చల్లార్చి ఇచ్చిన గట్టితనం, పోతుంది. కోసిన కొన, స్ప్రింగు ఆనే గిన్నెలో సమంగా కూర్చోదు. చుట్లు తగ్గినందువల్ల గట్టిదనం పెరిగినా అది మనం లెక్కవేసుకున్న గట్టిదనం కాదు. కొత్తగా చుట్టేటప్పుడు తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య అనే మూడూ మన చేతిలో ఉంటాయి. వీటిలో తీగ మందం ప్రభావం చూసి నేనే ఆశ్చర్యపోయాను: మిగిలినవన్నీ అలాగే ఉంచి 12 మి.మీ. తీగకు బదులు 13 మి.మీ. తీగ వాడితే స్ప్రింగు గట్టిదనం సుమారు 38 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది మందం యొక్క నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. పొట్టి స్ప్రింగుకు ఈ అదనపు గట్టిదనం అవసరం. కిందికి కదలడానికి చోటు తగ్గింది కనుక, మెత్తగా ఉంటే ప్రతి గుంతకూ రబ్బరు స్టాపర్‌కు కొట్టుకుంటుంది. చుట్టి, పదును పెట్టిన తరువాత ప్రతి స్ప్రింగునూ ప్రెస్సులో పెట్టి, చుట్టు చుట్టుకూ తాకేదాకా మూడుసార్లు నొక్కి, ఎత్తు మళ్లీ కొలిచి చూపించారు. మొదటి నొక్కుకు తగ్గిన ఎత్తు మూడో నొక్కుకు ఇక తగ్గలేదు. తరువాత బండి కింద కుంగిపోకుండా ఉండేందుకే ఈ పని చేస్తారట.

షాకులను కోయంబత్తూరులో రేసు కార్లకు పనిచేసే ఒక చోట కట్టించాను. ఇక్కడ చాలామంది పొదుపు చేస్తారు, అదే పొరపాటు. పాత షాకునే ఉంచి పొట్టి స్ప్రింగు వేస్తే, షాకులోని పిస్టన్ ఎప్పుడూ దాని నడక అడుగుభాగంలోనే పనిచేస్తుంది. పైగా మెత్తని స్ప్రింగుకు సరిపోయిన, షాకులో నూనెను వదిలే వాల్వు, గట్టి స్ప్రింగు వెనక్కి తన్నే వేగాన్ని అదుపు చేయలేదు. నా అభిప్రాయంలో చేతిలో సగం డబ్బే ఉన్నవారు పాత ఎత్తులోనే ఉంచి మంచి షాకులు మాత్రం వేయించుకోవడం మేలు.

వీటిని బండికి బిగించడానికి మేస్త్రిగారికి రోజంతా పట్టింది. ముందు స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టుకు తోడు, జారితే ఎగిరి మనిషిని కొట్టకుండా చుట్లలోంచి గొలుసు వేసి చాసిస్‌కు కట్టారు; ఆ ఒక్క జాగ్రత్త చూసి ఈ మేస్త్రిగారి మీద నాకు నమ్మకం కుదిరింది. సాయంత్రం ఆయన కింద పనిచేసే కుర్రవాడు, బండి ఇంకా జాకీల మీద ఉండగానే చక్రాన్ని పట్టి ఉంచే కింది చేయి రబ్బరు బుష్షు బోల్టును బిగించబోయాడు. "ఒరేయ్, చక్రాలు నేల మీద ఆనకుండా దాన్ని బిగించావంటే రబ్బరు మెలిపడి రెండు నెలల్లో చిరుగుతుంది, వదులుగానే ఉంచు" అని ఆయన కేకవేశారు. బండిని దించి, నలుగురం ఎక్కి కుదిపి, అది తన ఎత్తుకు వచ్చి నిలిచాకే ఆ బోల్టులు బిగించారు.

అయినా పని మొదటిసారే కుదరలేదు. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిస్తే ముందు 30 మి.మీ. తగ్గింది, వెనుక మాత్రం 48 మి.మీ. తగ్గి, బండి తోక వాలేసింది. నిండు ట్యాంకు, స్టెప్నీ, డిక్కీలోని సామాను బరువు లెక్కలో వేయలేదని స్ప్రింగుల షెడ్డువారు ఒప్పుకొన్నారు. డబ్బు అడగకుండా వెనుక జత మళ్లీ చుట్టి ఇచ్చారు గానీ, రేపు, ఎల్లుండి అంటూ పదకొండు రోజులు తిప్పారు. విప్పి బిగించిన కూలి రెండోసారి కూడా నేనే ఇచ్చుకున్నాను. ఎత్తు తగ్గడంతో ముందు చక్రాల పైభాగాలు లోపలికి వాలాయి కనుక చక్రాల ఎలైన్‌మెంట్ అదే రోజు చేయించాను. స్ప్రింగులు కొంత సర్దుకున్నాక 500 కి.మీ. దగ్గర మరొకసారి చేయించాను. హెడ్‌లైట్ల దిశ కూడా సరిచేయించాలి.

ఇక నడక విషయానికి వస్తే, ఇంద్రకీలాద్రి కింద నది పక్కన వంపు తిరిగే కనకదుర్గ ఫ్లైఓవర్ మీద 60 కి.మీ. వేగంతో వెళ్తే ఇంతకుముందు పడవలా ఒక పక్కకు ఒరిగే బండి, ఇప్పుడు స్టీరింగు తిప్పిన వెంటనే ఒక గీత పట్టుకుని వెళ్తోంది. గుంటూరు హైవేలో లారీని దాటి తిరిగి వరుసలోకి వచ్చేటప్పుడు వెనుక భాగం రెండోసారి ఊగడం పూర్తిగా పోయింది. వన్‌టౌన్ సందుల్లోని అతుకుల రోడ్ల మీద మాత్రం ప్రతి అతుకూ నడుముకు తెలుస్తోంది. వెనుక సీట్లో కూర్చునే మా అమ్మ, ఇంత ఖర్చు పెట్టి బండిని ఎడ్లబండి చేశావని అంటోంది. ఆమె మాటలో కొంత నిజముంది. ఐదుగురు ఎక్కితే మా వీధి స్పీడ్ బ్రేకర్‌కు సైలెన్సర్ గీసుకుంటుంది, ఏటవాలుగా దాటించవలసిందే.

నాలుగు స్ప్రింగులకు 15,000, షాకులకు 34,000, కూలి రెండుసార్లకూ కలిపి 9,000 రూపాయలు అయ్యాయి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది కనుక, ఇటువంటి పని చేయించే ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. చుట్టించబోయేవారు ట్యాంకు నింపి, డిక్కీలో మామూలుగా ఉండే సామానంతా పెట్టి, వే బ్రిడ్జి మీద ముందు ఇరుసు బరువు, వెనుక ఇరుసు బరువు విడివిడిగా తూయించి, ఆ చీటీని షెడ్డువారి చేతికి ఇవ్వండి. నేను రెండోసారి చేసిన ఆ పనిని మొదటిసారే చేసి ఉంటే పదకొండు రోజులూ ఒకసారి కూలి డబ్బులూ మిగిలేవి.