సూది గుచ్చకుండానే నట్టలు బయటపడ్డాయి: కుక్కలకి మలం యాంటిజెన్ పరీక్ష

మా కుక్క మిట్టుకి సూది అంటే చచ్చేంత భయం. క్లినిక్ గుమ్మం చూడగానే వణుకుతుంది, ఇద్దరం గట్టిగా పట్టుకున్నా ముందుకాలు ఇవ్వదు, ఇంటికొచ్చాక రోజంతా మంచం కింద నుంచి బయటికి రాదు. అందుకే రక్తం తీయకుండా చేసే పరీక్ష ఏదైనా ఉందా అని డాక్టర్‌గారిని అడిగితే మలం యాంటిజెన్ పరీక్ష రాశారు, అంటే పురుగులు వదిలే ప్రోటీన్ (యాంటిజెన్) మలంలో ఉందేమో చూసే పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు చేయించాను, నాకు చాలా నచ్చింది.

మిట్టుకి చాలాకాలంగా విరేచనం వదులుగా అవుతోంది, అప్పుడప్పుడూ జిగటతో పాటు రక్తపు చారలు. మైక్రోస్కోప్‌లో చూసే మామూలు మలపరీక్ష రెండుసార్లు చేయించినా ఏమీ లేదనే వచ్చింది. ఎందుకంటే అందులో వెతికేది పురుగుల గుడ్ల కోసం. విప్‌వార్మ్ (కొరడాలా ఉండే ఒక పేగు పురుగు) కుక్క పేగులోకి చేరాక గుడ్లు పెట్టే దశకి రావడానికే దాదాపు 3 నెలలు పడుతుంది, ఆ తర్వాత కూడా గుడ్లు ఒకరోజు పడతాయి, ఒకరోజు పడవు, మనం శాంపిల్ ఇచ్చిన రోజు పడకపోతే అంతే. యాంటిజెన్ పరీక్ష గుడ్లతో పని లేకుండా, పేగులో బతికున్న పురుగు వదిలే ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. మిట్టుకి విప్‌వార్మ్ పాజిటివ్ వచ్చింది. ఇన్నాళ్లూ తిండి పడట్లేదేమో అని రకం మార్చి రకం తిండి పెట్టాను, పాపం.

ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని కుక్కలు వేరే జంతువుల మలం తింటాయి, అందులోని గుడ్లు వీటి కడుపులోంచి అలాగే బయటికి వచ్చేసి మైక్రోస్కోప్‌లో కనపడతాయి, లేని జబ్బుకి మందు పడుతుంది. యాంటిజెన్ పరీక్షలో ఆ పొరపాటు తక్కువ.

శాంపిల్ మాత్రం మనమే జాగ్రత్తగా తీయాలి. తాజాగా ఉండాలి, మట్టి అంటకూడదు, వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి.

లోపాలూ ఉన్నాయి. ఏ పురుగుల కోసం తయారుచేశారో వాటినే పడుతుంది, కాబట్టి మైక్రోస్కోప్ పరీక్ష మానేయకండి, రెండూ కలిపి చేయించండి. జియార్డియాకి (పేగులో చేరే, కంటికి కనపడనంత చిన్న పరాన్నజీవి) మందు వాడి తగ్గాక కూడా కొన్నాళ్లు పాజిటివ్ రావచ్చు, అది చూసి టెన్షన్ పడొద్దు. నాకు కోపం వచ్చింది మాత్రం రిపోర్ట్ చూసి. ల్యాబ్ వాళ్లు ‘పాజిటివ్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు, దాని అర్థమేంటో డాక్టర్‌గారు చెప్పేదాకా రాత్రంతా నిద్ర లేదు.

అన్ని జబ్బులూ మలంలో తెలియవు. హార్ట్‌వార్మ్‌కి (దోమకాటుతో వచ్చి గుండెలో చేరే పురుగు) రక్తం కావాలి, కాకపోతే కిట్‌కి కొన్ని చుక్కలు చాలు. అది కూడా ఎదిగిన ఆడ పురుగుల యాంటిజెన్‌నే చూస్తుంది కాబట్టి, దోమ కుట్టిన 5, 6 నెలల లోపు చేయిస్తే నెగటివ్ వచ్చినా నమ్మలేం. లీష్మానియా (ఒక రకం ఈగ కాటుతో వచ్చే పరాన్నజీవి జబ్బు) ఉన్న ప్రాంతాల్లో ఎముక మజ్జ తీసే బదులు కంటి రెప్ప లోపల స్వాబ్‌తో తుడిచి పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్ఏ ఉందేమో వెతికే పరీక్ష) చేసే పద్ధతి కూడా ఉందట. అందులోనూ నెగటివ్ వస్తే జబ్బు లేదని తేల్చేయలేరని డాక్టర్‌గారు చెప్పారు.

మందు కోర్సు అయ్యాక చేయించిన రెండో పరీక్షలో మిట్టుకి నెగటివ్ వచ్చింది. విప్‌వార్మ్ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి 3 నెలలకి మళ్లీ శాంపిల్ ఇమ్మన్నారు. ఇస్తాను, మిట్టుని క్లినిక్‌కి తీసుకెళ్లే పని కూడా లేదు, డబ్బా ఒక్కటి పట్టుకెళ్తే చాలు.