ముద్ర ఉన్న కాగితమా, చదవగలిగే పేజీయా: ఏది మేలు?

పోయిన ఖరీఫ్ ముందు ఒక పెద్దాయన పత్తికొండ దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి కర్నూలు వచ్చారు. వేరుశనగ విత్తనాలు మా ప్రధాన కార్యాలయంలో ఇస్తారని అనుకున్నారు. ఆ రోజు విత్తనాలు ఇస్తున్నది పత్తికొండ కేంద్రంలోనే. ఆ సంగతి మా వెబ్‌సైట్‌లో లేకపోలేదు. నాలుగు పేజీల స్కాన్ కాపీలో, మూడో పేజీ పట్టికలో, అడుగు నుంచి రెండో వరుసలో ఉంది. ఆయన ఫోనులో ఆ ఫైలు తెరిచే ఉంది. మొదటి పేజీ మీద మా గుండ్రని ముద్ర, మేనేజరు గారి సంతకం మాత్రం స్పష్టంగా కనబడుతున్నాయి.

నేను పనిచేసేది రైతులకు విత్తనాలు, ఎరువులు అమ్మే ఒక సహకార సంస్థలో. పేరు ఇక్కడ అవసరం లేదు. బయటివాళ్లు చూసే వెబ్‌సైటు, ఉద్యోగులు మాత్రమే చూసే ఇంట్రానెట్, రెండింటి రాతకోతలూ నావే. ఆ పెద్దాయన వట్టి సంచితో తిరిగి వెళ్లిన రోజు నుంచి మేనేజరు గారికీ నాకూ ఒకటే వాదన. కాగితం మీద ఉత్తర్వు తయారు చేసి, ముద్ర వేసి, స్కాన్ తీసి సైటులో పెట్టడం ఆయన పద్ధతి. అదే సమాచారాన్ని నేరుగా పేజీలో రాయాలన్నది నా పట్టు.

ముందు కొలతల సంగతి. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. చేతిలో ఇమిడే ఫోను తెర దాదాపు 70. కాగితం మొత్తం తెరలో పట్టాలంటే మూడో వంతుకు కుదించుకుపోవాలి. 12 పాయింట్లలో కొట్టిన అక్షరం 4 పాయింట్ల అక్షరంలా కనబడుతుంది. పైన గుడులు, కింద వత్తులు ఉన్న తెలుగు అక్షరానికి ఆ చోటు ఏ మూలకూ చాలదు. ప, ష, వ ఒకదానిలా ఒకటి కనబడతాయి. పెద్దది చేసుకుంటే వరుస సగమే తెరలో ఉంటుంది, మిగతా సగానికి పక్కకు జరపాలి. పట్టికలో ఇది మరీ ప్రమాదం. ఊరి పేరు ఎడమ చివర, తేదీ కుడి చివర ఉంటాయి. జరిపేటప్పుడు వేలు ఒక్క వరుస కిందికి జారితే ఆలూరు తేదీ పత్తికొండకు అంటుకుంటుంది.

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు ఉన్నాయి. వాటిలోని చిన్న శాసనంలో కొంత భాగం ఒక వరుస కుడి నుంచి ఎడమకు, ఇంకో వరుస ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, చేను దున్నే ఎద్దులు గట్టు దగ్గర మళ్లినట్టు. మా పట్టికను ఫోనులో అటూ ఇటూ జరుపుతూ చదివేవారిని చూస్తే నాకు ఆ రాతిబండే గుర్తొస్తుంది. ఆ చెక్కినవాడికి రాయి ఉన్నంత మేరే చోటు. మాకు ఆ సాకు కూడా లేదు.

ఇక స్కాన్ అంటే ఫొటో. అందులో ఉన్నవి అక్షరాల బొమ్మలే గాని అక్షరాలు కావు. మా సైటులోని వెతుకు పెట్టెలో ‘పత్తికొండ’ అని కొడితే ఆ ఫైలు దొరకదు. చూపు లేనివారి ఫోను దాన్ని సరిగా చదివి వినిపించలేకపోతుంది. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండడానికి ప్రపంచమంతా పాటించే మార్గదర్శకాలున్నాయి, వాటి 2.2 కూర్పు 2023లో వచ్చింది. బొమ్మగా మార్చిన అక్షరాలు వాడవద్దని వాటిలో విడిగా ఒక నియమమే ఉంది. బరువు చూసినా అంతే. యూనికోడ్ అంటే ఏ ఫోనైనా, ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షరాల ఏర్పాటు. అందులో తెలుగు ఒక్కో గుర్తుకు మామూలుగా మూడు బైట్లు పడతాయి. మూడు వేల గుర్తులున్న నోటీసు తొమ్మిది కిలోబైట్లు. మా నాలుగు పేజీల స్కాన్ దానికి కొన్ని వందల రెట్లు, సిగ్నల్ సరిగా లేని పల్లెలో అది తెరుచుకునేలోగా బస్సు వెళ్లిపోతుంది.

‘సరే, డీటీపీ షాపువాళ్ల దగ్గర కొట్టిన ఫైలు ఉందిగా, అందులోది తీసి పేజీలో అతికించు’ అన్నారు మేనేజరు గారు. అతికించి చూపించాను. తెర నిండా పిచ్చి గీతలు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. డీటీపీలో వాడే పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ఆకారాలను కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే అది తెలుగు, బయటికొస్తే కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి కూర్పు నుంచే సొంత గదులున్నాయి. అయినా అచ్చుపని చేసే షాపుల్లో పాత అలవాటు ఇంకా పోలేదు. వాటిని మార్చిపెట్టే సాధనాలున్నాయి గాని, మార్చాక వత్తులు ఒకసారి కళ్లతో చూసుకోకపోతే కొంపలు మునుగుతాయి.

స్కాన్‌కు విలువే లేదని నేను అనను. మేనేజరు గారు చెప్పే మాటలో సగం న్యాయం ఉంది: ‘ముద్ర లేకపోతే జనం నమ్మరయ్యా. ఎవరైనా ఏదైనా రాసి మన పేరు పెట్టొచ్చు.’ నిజమే. సంతకం చేసిన ఉత్తర్వు ఆడిట్‌కు కావాలి, కోర్టుకు కావాలి. నింపి ఇవ్వాల్సిన దరఖాస్తు అచ్చు తీసుకునేలా పీడీఎఫ్‌గా ఉండడమే మంచిది. అందుకే చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. సమాచారం పేజీలో, ఉత్తర్వు నంబరు, తేదీ ఆ పేజీ అడుగున, వాటి పక్కన స్కాన్ కాపీకి లింకు. ఆ లింకు మీద కూడా ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని రాయలేదు, ‘సంతకంతో ఉన్న ఉత్తర్వు కాపీ’ అని రాశాను. చూపు లేనివారు పేజీలోని లింకులను మాత్రమే ఫోనుతో వరుసగా చదివించుకుని వింటారు. వారికి పది ‘ఇక్కడ’లు వినబడితే ఏది ఎక్కడో ఎలా తెలుస్తుంది?

అసలు గొడవ ఆ తర్వాతే మొదలైంది. పేజీలో రాయడానికి ఒప్పుకున్నారు గాని, కాగితం మీది తెలుగే రాయమన్నారు. అది ఇలా ఉంటుంది:

‘ఇందుమూలముగా యావన్మంది రైతు సోదరులకు తెలియజేయునది ఏమనగా, రాబోవు ఖరీఫ్ సీజనుకు గాను సంస్థ పరిధిలోని వివిధ కేంద్రముల యందు వేరుశనగ విత్తనములు పంపిణీ చేయబడును. కావున అర్హులైన రైతులు తగు ధ్రువపత్రములతో నిర్ణీత తేదీలలో హాజరై సదరు అవకాశమును సద్వినియోగపరచుకొనవలసినదిగా కోరడమైనది.’

నేను రాసింది ఇది:

‘పత్తికొండ కేంద్రంలో వేరుశనగ విత్తనాలు మే 18, సోమవారం నుంచి ఇస్తాం. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు రండి. ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం తెచ్చుకోండి. రకం: కె-6.’

మొదటిది గ్రాంథికంగా ఉండడం ఒక్కటే దాని లోపం కాదు. ‘వివిధ’, ‘అర్హులైన’, ‘తగు’, ‘నిర్ణీత’ అన్న నాలుగు మాటలు చూడండి. ఎక్కడ, ఎవరికి, ఏ కాగితాలతో, ఎప్పుడు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాల్సిన చోట్లలో అవి మూతల్లా కూర్చున్నాయి. ఆ వివరాలు కనుక్కోకుండానే వాక్యం పూర్తి చేయడానికి వీలు కల్పించే భాష అది. ‘చేయబడును’ కూడా అంతే, చేసేది ఎవరో చెప్పాల్సిన పని ఉండదు. ‘ఇస్తాం’ అంటే మేము ఇవ్వాలి, ఇవ్వకపోతే మమ్మల్ని అడుగుతారు. ఆ మాట రాయడానికి మా ఆఫీసులో ఎందుకు జంకారో నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఉత్తర్వు పైన ఉండే ‘విషయం’, ‘సూచిక’ సంగతీ చెప్పాలి. ఫైలులో సూచికలు పైన ఉండడం సబబే, ఏ ఉత్తరానికి ఇది జవాబో గుమస్తాకు తెలియాలి. ఫోను తెర మీద మాత్రం ఐదు సూచికలు దాటితే గాని అసలు మాట రాదు. అవన్నీ అడుగుకు పంపాను.

మేనేజరు గారిని ఒప్పించడానికి నాకు పనికొచ్చింది 1997 నాటి ఒక పరిశోధన. జాన్ మోర్క్స్, జేకబ్ నీల్సన్ అనే ఇద్దరు అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్ర పర్యాటక సమాచారాన్ని ఐదు రకాలుగా రాసి, ఒక్కో రకం కొందరితో చదివించారు. గొప్పలు చెప్పుకునే మామూలు ప్రచార రాతతో పోలిస్తే, మాటలు సగానికి తగ్గించినది 58 శాతం మెరుగ్గా పనిచేసింది. కంటికి తగిలేలా విడగొట్టి రాసినది 47 శాతం, గొప్పలు తీసేసినది 27 శాతం, మూడూ కలిపినది 124 శాతం. అది ఇంగ్లీషు, అది వేరే కాలం, అప్పట్లో జనం చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు. కానీ నాకు నచ్చింది ఆ 27. మాటలు తగ్గించలేదు, విడగొట్టలేదు, ఊరికే డప్పు కొట్టడం ఆపారు, అంతే. మా సైటు మొదటి పేజీలో ‘రైతు సేవలో అగ్రగామి’ అన్న బ్యానరు ఇంకా ఉంది. దాన్ని తీయించడం నా వల్ల కాలేదు.

అయితే తేట తెలుగు పేరుతో నేనూ ఒక తప్పు చేశాను. ఒక పంపిణీ నోటీసులో, ఉత్తర్వులోని ‘పట్టాదారులు’ అన్న మాట బరువుగా ఉందని కొట్టేసి ‘రైతులందరికీ’ అని రాశాను. చదవడానికి హాయిగా ఉంది. పంపిణీ రోజు కౌలు రైతులు వచ్చారు. పొలం సాగు చేస్తున్నది వారే, పాసుపుస్తకం ఉన్నది భూమి యజమాని దగ్గర. వారు చూపించాల్సింది సాగు హక్కు పత్రం. ఆ ముక్క నా పేజీలో లేదు. కౌంటరు దగ్గర గుమస్తా గారు మాటలు పడ్డారు, సాయంత్రం నాకు వినిపించారు. ఉత్తర్వులో ఉన్న బరువైన మాట కొందరిని విడదీసి చూపుతోంది, నా తేలిక మాట అందరినీ ఒక గాట కట్టింది. ఇప్పుడు రెండు వాక్యాలు రాస్తున్నాను: ‘సొంత పొలమైతే పాసుపుస్తకం తెచ్చుకోండి. కౌలు రైతులైతే సాగు హక్కు పత్రం తెచ్చుకోండి.’ పొడవు పెరిగింది, పెరగనీ.

మాటల ఎంపికలో ఇంకో చిక్కు కూడా ఉంది. కాగితం మీద ‘వేరుశనగ’. మా వైపు నోట ‘బుడ్డలు’, అనంతపురం వైపు వెళ్తే ‘శెనక్కాయలు’. శీర్షికలో ‘వేరుశనగ’ ఉంచి, మొదటి వాక్యంలో ఒకసారి ‘బుడ్డలు’ అని కూడా రాశాను, వెతికేవారికి ఏదో ఒకటి తగులుతుందని. పేజీ మొత్తం యాసలో రాయమని ఒక కుర్ర ఉద్యోగి సలహా ఇచ్చాడు. ఆదోని నుంచి ఆళ్లగడ్డ దాకా ఒకే పేజీ చదవాలి, ఎవరి యాసలో రాస్తాం? నలుగురికీ తెలిసిన తెలుగు చాలు.

ఇంట్రానెట్ దగ్గరికి వచ్చేసరికి పోటీ కాగితంతో కాదు, వాట్సాప్ గ్రూపుతో. ఇక్కడ నా తీర్పు అంత గట్టిగా లేదు. ‘రేపు స్టాకు లారీ ఆలస్యం’ అన్న కబురుకు వాట్సాప్‌ను మించింది లేదు, ఇంట్రానెట్ తెరిచి చూసేలోగా లారీయే వచ్చేస్తుంది. కానీ సెలవు నిబంధనలు, ప్రయాణ భత్యం రేట్లు, పాడైన విత్తన సంచిని వెనక్కి తీసుకునే పద్ధతి లాంటివి గ్రూపులో పెడితే పండగ శుభాకాంక్షల కింద పూడిపోతాయి. కొన్నాళ్లకు ఎవరో రెండేళ్ల కిందటి సర్క్యులర్‌ను తవ్వి తీసి, తేదీ చూడకుండా మళ్లీ పంపుతారు. మా దగ్గర ఒకసారి పాత భత్యం రేటుతో నెల బిల్లులన్నీ తయారయ్యాయి. అప్పటి నుంచి నియమం ఇంట్రానెట్‌లో ఒక్క చోటే ఉంటుంది, వాట్సాప్‌లో దాని లింకు మాత్రమే వెళుతుంది.

ఉద్యోగులు ఎలాగూ చూడక తప్పదన్న ధీమాతో ఇంట్రానెట్ రాత మరీ నిర్లక్ష్యంగా ఉంటుంది. పొడి అక్షరాల పేర్లు, పాత వాళ్లకే తెలిసిన ఫారం నంబర్లు. ఎమ్మిగనూరులో కొత్తగా చేరిన అమ్మాయి ‘ఫారం 7 అంటే ఏమిటి సార్’ అని ఫోను చేసి అడిగే దాకా, ఆ పేజీలో అది సెలవు దరఖాస్తు అని ఎక్కడా రాయలేదని నాకే తట్టలేదు. ఇప్పుడు ప్రతి పేజీ కింద ఎవరు రాశారో, చివరగా ఎప్పుడు సరిచూశారో పెడుతున్నాం. ఆ పేరు పెట్టగానే కొన్ని పేజీలు రాయడానికి ఎవరూ ముందుకు రావడం లేదు, అది వేరే కథ.

ఈ ఖరీఫ్ పేజీ దాదాపు సిద్ధం. మా ఆఫీసు అటెండరు ఫోనులో తెరిచి, ‘పత్తికొండలో ఏ రోజు?’ అని అడిగితే పేజీ కిందికి జరపకుండానే చెప్పారు. ఫోను నంబరు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం తేలలేదు. పైన పెడితే ఒక్క ముక్క చదవకుండా అందరూ ఫోనే చేస్తారని పత్తికొండ గుమస్తా గారి భయం. కింద పెడితే చదవడం రాని వాళ్ల సంగతి ఏమిటని మేనేజరు గారి ప్రశ్న. ఈసారి నేను మేనేజరు గారి వైపు ఉన్నాను.