పాత క్యాట్రిడ్జ్‌లో నా బుజ్జి: సీటీసీలో చేయించిన మరమ్మతు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో, పాత వీడియో గేములు బాగుచేసే ఒక చిన్న దుకాణంలో గత నెల, గేమ్‌బాయ్ కలర్ అనే చేతి ఆట యంత్రంలో పెట్టి ఆడే నా పోకెమాన్ గోల్డ్ క్యాట్రిడ్జ్‌కు బ్యాటరీ మార్పించాను. అలాంటివి ఇంట్లో దాచుకున్నవారికి ఉపయోగపడుతుందని ఆ అనుభవం రాస్తున్నాను.

2001 వేసవిలో సింగపూర్ నుంచి వచ్చిన మా మేనమామ దాన్ని నాకు ఇచ్చారు. ఆటలో గోల్డెన్‌రాడ్ నగరంలో బిల్ అనే పాత్ర ఇచ్చే ఈవీ అనే చిన్న జీవికి నేను బుజ్జి అని పేరు పెట్టుకున్నాను. మనపై ఈవీకి ఉన్న మమకారాన్ని ఆట 0 నుంచి 255 వరకు లోలోపలే లెక్కిస్తుంది గానీ ఆ అంకెను తెరపై చూపించదు. అది 220కి చేరాక పగలు లెవెల్ పెరిగితే ఈవీ ఎస్పియాన్ అనే మరో జీవిగా మారుతుంది, రాత్రి పెరిగితే అంబ్రియాన్ అనే జీవిగా మారుతుంది. అన్నం తిన్నాకే ఆడనిచ్చేవారు కాబట్టి నా బుజ్జి అంబ్రియాన్ అయింది. గేమ్‌బాయ్ కలర్ తెరకు సొంత వెలుతురు లేదు. ఆ రాత్రి కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు పక్కన కూర్చుని, నల్లటి ఒంటిపై పసుపు వలయాలతో అది నిలబడటం చూశాను. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ ఊహకందని విషయం.

ఆ ఆటలో మనం సేవ్ చేసినదంతా, రాత్రీ పగలూ నడిపే గడియారంతో సహా, సీఆర్2025 అనే రూపాయి బిళ్లంత బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటుంది. అది అయిపోతే అంతా చెరిగిపోతుంది. నేను మొదట అడిగిన మరో దుకాణంలో పది నిమిషాల్లో మార్చి ఇస్తామన్నారే తప్ప ఈ సంగతి చెప్పలేదు. ఇక్కడి కుర్రాడు మాత్రం క్యాట్రిడ్జ్ చేతిలోకి తీసుకోగానే, "అక్కా, బ్యాటరీ తీస్తే లోపల గేమంతా పోతది. ముందు కాపీ తీస్కుందాం," అన్నాడు. క్యాట్రిడ్జ్‌లో ఉన్నది చదివే రీడర్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి 32 కిలోబైట్ల సేవ్ ఫైలును భద్రపరిచిన తర్వాతే మర విప్పాడు. పాత బ్యాటరీని టంకం కరిగించి తీసి, టేపుతో అంటించకుండా రేకులున్న కొత్తదాన్ని టంకంతోనే బిగించి, ఫైలును మళ్లీ ఎక్కించాడు. నేను వెళ్లి ఆట తెరిచి బుజ్జి వివరాలు చూసినప్పుడు దాని కూత వినిపించింది; లెవెల్ 61 అలాగే ఉంది. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

రెండు రోజులన్నది వారం పట్టడం ఒక లోపం. గడియారాన్ని కూడా నేనే సరిచేసుకోవలసి వచ్చింది. 800 రూపాయలు తీసుకున్నారు, ఆ పనికి అది న్యాయమైన ధరే. మీరు వెళితే సేవ్ ఫైలు కాపీ కూడా అడిగి తీసుకోండి. నాకు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు.